దేవమ్మ దాచిన చీపురు

లక్డారంలో దేవమ్మ ఇల్లెక్కడ అని అడిగితే ఏ దేవమ్మ అని ఎదురు అడుగుతారు. ఆ ఊళ్లో అరడజను మంది దేవమ్మలున్నారు. నలభై ఒక్క కంచాల దేవమ్మ అంటే మాత్రం టీ కొట్టులో గ్లాసులు కడిగే మనిషి కూడా లేచి వచ్చి సందు చూపిస్తాడు. ఆ పేరు ఆమెకు ఎవరో పెట్టింది కాదు. ఒకే కథను ముప్పై మూడేళ్లుగా చెప్పి చెప్పి ఆమే తెచ్చుకుంది.

ఆ కథేమిటో మనమూ వినేద్దాం, వినకుండా ఆమెను దాటి ముందుకు పోవడం కుదరదు. పందొమ్మిదేళ్ల వయసులో, పెళ్లయిన రెండో నెలలో, దేవమ్మ సదాశివపేటలో ఉండే ఆడబిడ్డ అరుణమ్మ ఇంటికి దావత్‌కు వెళ్లింది. అరుణమ్మ కొడుక్కి పుట్టువెంట్రుకలు. దేవమ్మ కొత్త చీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని, చేతులకు డజను డజను గాజులు వేసుకుని, కొత్త కోడలికి జరగాల్సిన మర్యాదలన్నీ ఊహించుకుంటూ గడప దగ్గర నిలబడింది. అరుణమ్మ లోపల్నుంచి వచ్చి, "వచ్చినవా" అని ఒక్క మాట అని, ఆమె చేతిలో చీపురు పెట్టింది. మన వైపు దాన్ని పొరక అంటారు, ఆ కథ చెప్పేటప్పుడు దేవమ్మ ఆ మాటను పళ్లు బిగించి పలుకుతుంది. వాకిలి ఊడవడం అయ్యేసరికి బంతి లేచింది. ఇస్తరాకులు సరిపోలేదని మిగిలినవాళ్లకు స్టీలు కంచాల్లో వడ్డించారు. అవి నలభై ఒకటి. లెక్క ఎలా తెలుసంటే, ఒక్కో కంచం తోముతూ ఒక్కోసారి ముక్కు చీదింది కాబట్టి.

ఆ రోజు దేవమ్మ ఒక ఒట్టు పెట్టుకుంది. తన గడప తొక్కిన మనిషి ఎవరైనా సరే, పుల్ల కూడా ఎత్తకూడదు. ఆ ఒట్టు కోసం ఆమె పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఒకసారి గ్యాస్ బండ మోసుకొచ్చిన కుర్రవాణ్ని కూర్చోబెట్టి, ఉప్మా పెట్టి, బండను తానే లోపలికి దొర్లించుకుంది. కరెంటు మీటరు చూడవచ్చినాయనకు స్టూలు ఎక్కే శ్రమ ఎందుకని తానే ఎక్కి అంకెలు చదివింది. భర్త వెంకటయ్య ఊరి బయట ఉన్న వాల్వుల ఫ్యాక్టరీలో స్టోర్సు హెల్పరు. ఇంటికి వచ్చిన దోస్తులు చెప్పులు కూడా తామే విడవడానికి భయపడుతున్నారని ఆయన మొత్తుకునేవాడు.

ఈ దేవమ్మ పదకొండేళ్లుగా లక్డారం రోడ్డులో చర్చివాళ్లు నడిపే ఆడపిల్లల హోంలో వంట చేస్తోంది. ఇరవై ఆరుగురు పిల్లలు. వార్డెన్ ఎల్సీ మేడం, పాస్టరుగారి కూతురు, ప్రాణం పోయినా అబద్ధమాడని మనిషి. హోంలో పనులన్నీ పిల్లలకు వంతులు వేసి ఉంటాయి: ఊడవడం, కూరగాయలు తరగడం, కంచాలు కడగడం. వెంకటయ్య ఫ్యాక్టరీ సైరన్ పొద్దున ఆరింటికీ మధ్యాహ్నం రెండింటికీ కూస్తుంది, దేవమ్మ పొయ్యి దాన్నిబట్టే నడుస్తుంది. అంతా సవ్యంగా జరిగిపోతున్న చోటికి మొన్న జనవరిలో ఫిన్లాండు నుంచి ఒక వాలంటీరు వస్తోందని ఎల్సీ మేడం చెప్పింది.

వాలంటీరు అంటే ఏమిటని దేవమ్మ అడిగింది. వేరే దేశం నుంచి తన సొంత ఖర్చులతో వచ్చి, మనకు జీతం లేకుండా పనిచేసి పెట్టే అమ్మాయి అని మేడం విడమరిచి చెప్పింది. దేవమ్మ గరిటె పక్కన పెట్టింది.

"జీతం లేకుండ మంది ఇంటికొచ్చి పని చేసేటోళ్లను మా ఊర్ల కోడలు అంటరు మేడం" అంది. "ఆ పిల్ల మన కోడలు గాదు గదా. చుట్టమే అయితది."

మేడం నవ్వేసి ఊరుకుంది. ఆ నవ్వుకు పందొమ్మిది రోజులు చింతించాల్సి వస్తుందని ఆమెకు తెలియదు.

వచ్చిన అమ్మాయి పేరు హన్నా. ఇరవై ఏళ్లుంటాయి, దూలమంత పొడుగు, వీపున తనకన్నా పెద్ద బ్యాగు. పేరు వినగానే చర్చిలో మనకు ముగ్గురు హన్నాలున్నారని పిల్లలు సంబరపడ్డారు. దేవమ్మ కాళ్లు కడుక్కోమని చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. హన్నా ఆ చెంబు అందుకుని, అటూ ఇటూ చూసి, గోడ పక్కన వాడిపోయిన మందార మొక్కకు పోసింది. తనకు అప్పగించిన మొదటి పని అదే అనుకుంది పాపం. దేవమ్మ ఇంకో చెంబు తెచ్చింది, అది పక్కనున్న కరివేపాకు చెట్టుకు పోయింది. మూడో చెంబు తెచ్చేసరికి హన్నా ఆ హోంలో చెట్లన్నింటి వైపూ ఆశగా చూస్తోంది. చివరికి దేవమ్మే వంగి ఆ పిల్ల కాళ్ల మీద నీళ్లు పోసింది. ఆ రెండు చెట్లకు నీళ్లు పోయడమే ఆపైన పందొమ్మిది రోజులకూ హన్నా చేసిన అధికారికమైన పని.

ఎందుకంటే మరుసటి రోజు నుంచి కుర్చీ రంగంలోకి దిగింది. అది నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ, ఎల్సీ మేడం ఆఫీసుది. దేవమ్మ దాన్ని భోజనాల హాలులో ఫ్యాను కింద వేసి హన్నాను కూర్చోబెట్టింది. హన్నా లేచి కంచాల వైపు వెళ్తే కుర్చీ కంచాల దగ్గరికి వచ్చేది. బకెట్టు వైపు వెళ్తే బకెట్టు మాయమై ఆ స్థానంలో కుర్చీ ఉండేది. దేవమ్మ దాన్ని ఎంత ఒడుపుగా తెచ్చేదంటే, హన్నా వంగే సమయానికి మోకాళ్ల వెనక అది మెత్తగా తగిలేది. అలా తగిలితే ఎంతటివాళ్లైనా కూర్చోవాల్సిందే. కూర్చోగానే చేతిలోకి సర్వపిండి, లేదా ఉడికించిన గుడ్డు, లేదా రొట్టెలో బెల్లం కలిపి నలిపిన మలీద ముద్ద వచ్చేది. మొదటి వారానికి హన్నా ప్యాంటు గుండీ పట్టలేదు.

ఆ పిల్ల తనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ కూడదీసుకుని, "నేను పని, నేను పని" అని తన గుండె మీద తట్టుకుంటూ చెప్పేది. దేవమ్మకు కళ్లు చెమర్చేవి. ఎంత మర్యాద తెలిసిన పిల్ల అనుకునేది. మర్యాద తెలిసిన చుట్టం ఎప్పుడూ పని చేస్తానంటుంది, మర్యాద తెలిసిన ఇంటావిడ ఎప్పుడూ వద్దంటుంది, ఈ దేశంలో అది అందరికీ తెలుసు. ఆ పిల్ల నిజంగానే అంటోందని దేవమ్మకు తట్టనే లేదు.

రెండో వారంలో హన్నా పని దొంగతనం మొదలుపెట్టింది. దొంగ సరుకు అమ్మే మనిషి తనుశ్రీ, తొమ్మిదో తరగతి, నోరున్న పిల్ల, ఇంగ్లీషు బాగా వచ్చు. తన వంతు ఉల్లిగడ్డలను పుస్తకాల సంచీలో పెట్టుకుని హన్నా గదికి చేరవేసేది. హన్నా మంచం కింద దూరి తరిగేది. మంచం కింద ఏడుపు మొహంతో పడుకున్న విదేశీ పిల్లను ఒకసారి దేవమ్మ చూసి, అమ్మ గుర్తొచ్చిందేమోనని జాలిపడి ఇంకో గుడ్డు ఉడికించింది. కంచాలు తోమడం మిట్టమధ్యాహ్నపు ఎండలో హోం వెనక గోడ చాటున సాగేది, ఇద్దరు పిల్లలు కాపలా కాసేవారు. త్వరలోనే ఇరవై ఆరుగురూ తమ తమ వంతులను హన్నాకు అప్పజెప్పి, హాయిగా తొక్కుడుబిళ్ల ఆడుకోసాగారు.

దొరికిపోయింది మాత్రం వాకిలి దగ్గర. ఆరింటి సైరన్‌కు దేవమ్మ ఇంట్లో బయల్దేరి ఆరున్నరకు హోం చేరుతుంది. ఆ అరగంటలో హన్నా వాకిలి ఊడ్చేది. ఒక రోజు దేవమ్మ గేటు తీసి అలాగే నిలబడిపోయింది. మట్టి వాకిట్లో చీపురు గీతలు చూసి ఎవరు ఊడ్చారో చెప్పడం ఆమెకు చేతి రాత చూసి చెప్పినంత తేలిక. తనుశ్రీ ఊడిస్తే గీతలు నెలవంకల్లా ఒకదాని మీద ఒకటి పడతాయి, బద్ధకపు పిల్ల ఊడిస్తే మధ్యమధ్య ఖాళీలుంటాయి. ఇవేమో గేటు నుంచి మెట్ల దాకా నాగలి సాళ్లలా తిన్నగా ఉన్నాయి. పైగా మూలలన్నీ వదిలేసి ఉన్నాయి. నడుము వంగని పొడుగు మనిషే అలా ఊడుస్తుంది. దేవమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని మెట్ల మీద కూలబడింది. తన గడపలో చుట్టం చేత చీపురు పట్టించిన పాపం తనదే అయింది.

ఆ పూట హోంలో ఉన్న నాలుగు చీపుర్లూ బియ్యం పెట్టె పక్కనున్న ఇనుప బీరువాలోకి వెళ్లాయి, తాళంచెవి దేవమ్మ బొడ్లోకి వెళ్లింది. పిల్లలు ఊడవాలంటే వచ్చి పేరు చెప్పి తీసుకోవాలి. ఆ సాయంత్రం హన్నా వేపకొమ్మ విరిచి దానితో ఊడుస్తూ పట్టుబడింది. కుర్చీ మళ్లీ వచ్చింది.

పందొమ్మిదో రోజు పొద్దున ఎల్సీ మేడం దేవమ్మను ఆఫీసుకు పిలిచింది. హన్నా అప్పటికే అక్కడ ఉంది, ముక్కు ఎర్రగా ఉంది. బల్ల మీద ఒక కాగితం, దాని నిండా గళ్లు. మేడం నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఈ అమ్మాయి చదువేమిటంటే అనాథలనూ ముసలివాళ్లనూ చూసుకునే పని. ఆ చదువు పూర్తి కావాలంటే ఇక్కడ నూట ఇరవై గంటలు పని చేసి చూపించాలి, ఏ రోజు ఎన్ని గంటలు ఏం చేసిందో ఈ గళ్లలో రాసి, దగ్గరుండి చేయించిన మనిషి చేత సంతకం పెట్టించాలి. ఆ దగ్గరుండే మనిషి దేవమ్మే. గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. ఇలాగే వెళ్తే ఆ పిల్ల ఏడాది చదువూ మళ్లీ మొదటి నుంచి చదవాలి, ఆమె కోసం చూస్తున్న ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

తన చేతులారా మలీద పెట్టి పెంచుకున్న పిల్ల తన వల్లే పరీక్ష తప్పబోతోంది. కానీ సంతకం అనగానే ఇంకో భయం పట్టుకుంది. ఆ కాగితం ఎక్కడెక్కడికి పోతుందని అడిగింది. కాలేజీకి పోతుంది, అక్కడివాళ్లు చూస్తారు, హన్నా ఇంట్లోనూ ఒక నకలు ఉంటుందని మేడం అంది.

"అంటే వాళ్లమ్మ సూస్తది" అంది దేవమ్మ. "నీ బిడ్డతోని ఇన్ని కంచాలు తోమిపిచ్చిన అని నేనే రాసి, నేనే సంతకం పెట్టి పంపియ్యాల్నా? ఆ తల్లి ఇగ బతికినన్ని దినాలు నా పేరు చెప్పుకుంట తిరగదా? మేడం, నేను గా పిల్లకు అరుణమ్మనైత."

మేడం బతిమాలింది. దేవమ్మ కూడా ఏడ్చింది, హన్నాను పట్టుకుని మరీ ఏడ్చింది, సంతకం మాత్రం పెట్టనంది. మధ్యాహ్నం అన్నం తినడానికి హోంకు వచ్చిన వెంకటయ్య విషయం తెలిసి ఒక ఉపాయం చెప్పాడు. తమ ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలూ కుర్చీలో కూర్చుని పోయేవాళ్లు బోలెడు మంది ఉన్నారని, వాళ్లకూ హాజరు పడుతుందని, కూర్చోవడం కూడా డ్యూటీ కిందికే వస్తుందని అన్నాడు. దేవమ్మ ముఖం వెలిగిపోయింది. పరుగున వెళ్లి, కూసున్నది అని రాయండి, నూట ఇరవై ఏం ఖర్మ, నాలుగు వందల గంటలకు ఇప్పుడే సంతకం పెడతానంది. కాగితంలో కూర్చోవడానికి గడి లేదని మేడం తల పట్టుకుంది.

ఇక ఆ రోజే, ఆ సమయానికే, సదాశివపేట నుంచి అరుణమ్మ ఊడిపడడాన్ని ఏమనాలో తెలియదు. మనవరాలి పెళ్లి కార్డు ఇవ్వడానికి వచ్చింది. ఇంటికి తాళం ఉంటే ఆటో మాట్లాడుకుని నేరుగా హోంకే వచ్చేసింది. డెబ్భై ఏళ్ల మనిషి, చేతికర్ర, కళ్లద్దాలు, గట్టి గొంతు. లోపలికి రాగానే ఆమెకు కనిపించింది ఇది: హాలు మధ్యలో నీలం కుర్చీలో ఒక తెల్ల పిల్ల కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది, చుట్టూ పిల్లలు నిలబడి గుసగుసలాడుతున్నారు, వంటగది గుమ్మంలో దేవమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఎవరు పోయారని అరుణమ్మ అడిగింది.

ఎవరూ పోలేదని తనుశ్రీ మొత్తం చెప్పింది. చెంబు నీళ్ల నుంచి చెప్పింది, ఉల్లిగడ్డలతో సహా చెప్పింది, చివర్లో అరుణమ్మనైత అన్న మాట కూడా దాచకుండా చెప్పింది. ఆ అరుణమ్మ ఈవిడేనని ఆ పిల్లకు తెలియదు. వెంకటయ్య హఠాత్తుగా షిఫ్టు గుర్తొచ్చి వెళ్లిపోయాడు.

అరుణమ్మ ఆ నీలం కుర్చీలోంచి హన్నాను లేపి తాను కూర్చుంది. కర్ర ఒళ్లో పెట్టుకుంది.

"ముప్పై మూడేండ్లు" అంది. "పెండ్లిండ్ల చెప్పినవ్, సావుల కాడ చెప్పినవ్, రేషన్ దుకాణం కాడ చెప్పినవ్. అన్నీ నా చెవుల వడ్డయి. ఒక్కనాడన్న నన్ను అడిగినవా, వదినె, నాకు పొరక ఎందుకిచ్చినవ్ అని?"

దేవమ్మ అడగలేదు. నిజంగానే ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగింది.

"ఆ దినం మా ఇంటికి వంద మంది చుట్టాలొచ్చిండ్రు" అంది అరుణమ్మ. "అందరికి మంచాలేసిన, అందరిని కూసోబెట్టిన. ఒక్కదానికే పొరక ఇచ్చిన. ఎందుకంటే వాళ్లు పొద్దుమీకి పోయేటోళ్లు. నువ్వు నా తమ్ముని పెండ్లానివి, మా పిల్లవు. ఇంటి పిల్లను కుర్సీల కూసోబెట్టి సూస్త కూసుంటరా ఎవరన్న?"

దేవమ్మకు ముప్పై మూడేళ్లుగా మోసిన బరువును ఎవరో వచ్చి, అది నీ మూట కాదమ్మా అని దింపేసినట్టయింది, దింపినందుకు కోపం కూడా వచ్చింది. ఆ మాట అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా అని నిలదీసింది. నువ్వు మూతి ముడుచుకుని ముక్కు చీదుతుంటే చెప్పడానికి సందెక్కడిదని అరుణమ్మ తిప్పికొట్టింది. అరుణమ్మ చెప్పింది నిజమా, లేక అప్పటికప్పుడు అల్లిందా అని మీరు అడిగితే ఈ కథ చెప్పేవాడి దగ్గర జవాబు లేదు. అరుణమ్మకు కంచాలు తోమడమంటే చిన్నప్పటి నుంచీ బద్ధకమని సదాశివపేటలో చెప్పుకుంటారు. కానీ కొన్ని మాటలు నిజమని నమ్మితేనే మనిషికి హాయిగా ఉంటుంది. దేవమ్మ నమ్మింది.

నమ్మిన దేవమ్మ హన్నా వైపు తిరిగింది. ఆ పిల్లను పందొమ్మిది రోజులుగా పొద్దుమీకి, అంటే సాయంత్రానికి, పోయేవాళ్లలో జమకట్టి కూర్చోబెట్టానా అన్న ఆలోచన ఆమెకు సూదిలా గుచ్చుకుంది. బొడ్లోంచి తాళంచెవి తీసి, బీరువా తెరిచి, ఉన్నవాటిలో మంచి చీపురు ఏరి తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టింది. అప్పటిదాకా హన్నమ్మా, మీరు తప్ప ఇంకో మాట అనని మనిషి గొంతు మారింది.

"ఇగో, ఊడ్సు. మొన్న మూలలన్ని ఇడిసిపెట్టినవ్. జెర నడుము వంచు పిల్లా."

హన్నాకు మాటలు సగమే అర్థమయ్యాయి, చీపురు పూర్తిగా అర్థమైంది. దాన్ని రెండు చేతులతో గుండెకు హత్తుకుంది.

ఆదివారాలు తీసేస్తే ఇంకా ఇరవై రోజులున్నాయి. నూట ఇరవై గంటలంటే రోజుకు ఆరు. దొంగచాటుగా చేసిన గంటలను కూడా కలపమని తనుశ్రీ వాదించింది. తన కళ్లతో చూడని పనికి సంతకం పెట్టేది లేదని దేవమ్మ కొట్టిపారేసింది. ఎల్సీ మేడం పక్కన పదకొండేళ్లు పనిచేస్తే మనిషికి అలాంటి రోగాలు అంటుకుంటాయి. ఆరింటి సైరన్‌కు మొదలు, రెండింటి సైరన్‌కు ఆఖరు. అందులో టిఫిను అరగంట, అన్నం గంట, ఛాయ్ తాగిన ఒక్కో పావుగంట, పిల్లలతో నవ్వుతూ నిలబడ్డ నిమిషాలు అన్నీ కోత. సైరన్‌కు ముందే హోంలో ఉండడానికి దేవమ్మ చీకటి విడవకముందే ఇంట్లో బయల్దేరేది. తమ ఫ్యాక్టరీ మేనేజరు కూడా ఇంత కోత పెట్టడని వెంకటయ్య ఒకసారి అన్నాడు, అన్నాక ఆ పూట అతనికి పచ్చిపులుసు దక్కలేదు.

హన్నా వాకిలి ఊడ్చింది, మూలలు మళ్లీ ఊడ్చింది, ఇరవై ఆరు తలలకు నూనె పెట్టి జడలు వేసింది, బియ్యంలో రాళ్లు ఏరింది, జొన్నరొట్టె చేయబోయి ఫిన్లాండు ఆకారంలో ఏదో చేసింది. దేవమ్మ వెనకే తిరుగుతూ నస పెట్టింది. ఇంత సబ్బు ఎవరు వాడమన్నారు, నీళ్లేమన్నా ఊరికే వస్తున్నాయా, కూరలో ఉప్పు ఎక్కడ, జడ అలా వదులుగా వేస్తే బడికి పోయేలోపు ఊడదా. పదో రోజుకు హన్నా నడుము పట్టేసింది. కాసేపు కూలబడదామని నీలం కుర్చీ ఉండే చోటికి వెనక్కి వెనక్కి జరిగింది. మోకాళ్ల వెనక ఏమీ తగల్లేదు. కుర్చీని దేవమ్మ ఎప్పుడో ఆఫీసులో పెట్టించేసింది. ఆ మధ్యాహ్నం పని తప్పించుకోవడానికి హన్నా మంచం కింద దాక్కుంటే, తనుశ్రీయే చెయ్యి పట్టి బయటికి లాగింది. పాపం తనుశ్రీకి తన వంతు ఉల్లిగడ్డలు ఇప్పుడు తానే తరుక్కోవాల్సి వస్తోంది, ఆ కడుపుమంట ఉంటుంది కదా.

ఆఖరి రోజుకు నూట ఇరవై గంటలూ నిండాయి. ఎల్సీ మేడం కాగితం చదివి వినిపించింది, దేవమ్మ ప్రతి గడికీ తల ఊపింది. చివర్లో అభిప్రాయం రాయడానికి రెండు గీతలున్నాయి. చాలా మంచి అమ్మాయి, కష్టపడి పనిచేసింది అని రాయనా అని మేడం అడిగింది. దేవమ్మ వెంటనే వద్దంది. పరాయివాళ్లను పొగిడితే మర్యాద, ఇంటి పిల్లను కాగితం మీద పొగిడితే దిష్టి కదా అంది.

"పని చేస్తది గని మూలలు ఇడిసిపెడుతది అని రాయుండ్రి" అంది. "వాళ్లమ్మ సదివితే, తన లెక్కనే ఇంకో అమ్మ ఈడ ఉన్నదని సమజైతది."

మేడం అబద్ధమాడదు కాబట్టి ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో రాసింది. దాని కింద దేవమ్మ పిల్లల దగ్గర నేర్చుకున్న అక్షరాలతో, నాలుక కొస బయటపెట్టి, ఒక్కో అక్షరానికీ ఊపిరి బిగబట్టి సంతకం చేసింది. చేశాక ఆ కాగితం వైపు చాలాసేపు చూసింది. తన పేరు సముద్రాలు దాటి పోతున్నందుకు ఆమెకు సిగ్గేమీ వేయలేదు. గర్వంగా అనిపించింది, అలా అనిపించినందుకు కొంచెం ఆశ్చర్యం కూడా వేసింది.

పదకొండింటికి ఎయిర్‌పోర్టు కారు గేటు ముందు ఆగింది. ఇరవై ఆరుగురూ ఏడుస్తున్నారు, హన్నా ఏడుస్తోంది, డ్రైవరుకు కూడా దేవమ్మ బలవంతంగా టిఫిను పెట్టి కూర్చోబెట్టింది కాబట్టి కారు కదలడం లేదు. హన్నా బ్యాగు కింద పెట్టి దేవమ్మ ఎదురుగా నిలబడింది. వారం రోజులుగా పిల్లల దగ్గర ఏదో వల్లె వేస్తోందని దేవమ్మకు తెలుసు. సెలవు తీసుకునే మాటలేవో అయి ఉంటాయనుకుంది. హన్నా కళ్లు తుడుచుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది.

"పెద్దమ్మా, నువ్వు మా ఇంటికి రా. నీకు పొరక ఇస్త."

దేవమ్మ, ఆ పిల్ల మెడ అందకపోతే మెట్టెక్కి మరీ కావలించుకుంది. ఎప్పుడూ ముక్కు చీదుతూ ఏడ్చే మనిషి, ఆ రోజు చప్పుడు లేకుండా ఏడ్చింది. కారు వెళ్లి రోడ్డు మలుపు తిరిగి, దుమ్ము కూడా సద్దుమణిగాక, గేటు దగ్గరే నిలబడి సదాశివపేటకు ఫోను చేసింది.

"వదినె, ఫిన్లాండుల నాకు ఒక పొరక ఉన్నది" అని చెప్పింది.

అవతల అరుణమ్మ ఫోను పక్కన పెట్టిన చప్పుడైంది. ఆమె కూడా కళ్లు తుడుచుకుంటోందేమో, లేక కళ్లద్దాలే తుడుచుకుంటోందేమో.

"పోతే పో గని" అంది చివరికి, "మూలలు మంచిగ ఊడ్సు. నేర్పింది నేనని అందరికి తెలుసు."